ఫోన్లో సంత, దారిపొడవునా ఆశీలు

2021 డిసెంబరులో ఒక అర్ధరాత్రి ఘనా పార్లమెంటులో ఎంపీలు కాలర్లు పట్టుకుని కలబడ్డారు. మన చట్టసభలు చూసిన కళ్లకు అదేమంత వింత కాదు గానీ, గొడవ దేనిమీదో వింటే మాత్రం ఆశ్చర్యపోతారు. ఫోన్ నుంచి ఫోన్‌కి పంపే డబ్బు మీద 1.75 శాతం పన్ను వేస్తామని ప్రభుత్వం, వెయ్యనివ్వమని ప్రతిపక్షం. సభలో రెండు పార్టీలకూ చెరి 137 మంది. మిగిలిన ఒకే ఒక్క స్వతంత్రుడు ప్రభుత్వం పక్కన ఉన్నాడు. అంత సన్నటి మెజారిటీతో అంత మందికి తగిలే పన్ను వెయ్యాలంటే చేతులు కలబడక ఏం చేస్తాయి!

నేనుండేది నైరోబీలో, పుట్టి పెరిగింది తెనాలిలో. బడ్డీకొట్టు నుంచి బట్టల షాపు దాకా చిన్న వ్యాపారులు ఫోన్లో డబ్బు తీసుకుని, లెక్క రాసుకోవడానికి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. కెన్యాతో మొదలెట్టి ఉగాండా, రువాండా, టాంజానియా, ఘనా దాకా పాకాం. అందుకే ఘనా రాజధాని అక్రాలో ఎవరు ఎవర్ని తోశారన్నది మాకు కాలక్షేపం కబురు కాదు. ఆ పన్ను పాసైతే మా ప్రోగ్రాంలో దానికో లెక్క చేర్చాలి. అది ఎవరి జేబులోంచి, ఎందుకు కోస్తున్నారో దుకాణదారుకు అర్థమయ్యేలా చెప్పాలి. మొదటిది మా కుర్రాళ్లు సాయంత్రానికి చేసేస్తారు. రెండోది ఎన్నాళ్లు చెప్పినా తెగదు.

డిజిటల్ వాణిజ్యం అనగానే ఏదో పెద్ద కంపెనీల వ్యవహారంలా వినిపిస్తుంది. నా కళ్లముందు కనిపించే వాణిజ్యం ఇది. నైరోబీలో మాసాయి మార్కెట్ అని తిరిగే సంత ఒకటుంది, వారంలో ఒక్కోరోజు ఒక్కోచోట పెడతారు. అందులో కిత్తనారతో అల్లిన కియోండో బుట్టలు అమ్మే ఒక పెద్దావిడ మా కస్టమరు. ఇక్కడి పద్ధతిలో నేనూ ఆవిడను మామా అనే పిలుస్తాను. బుట్టల ఫొటోలు కూతురు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతుంది, మామా వాట్సాప్‌లో బేరమాడుతుంది. కంపాలా నుంచి అడుగుతారు, అక్రా నుంచి అడుగుతారు, జొహానెస్‌బర్గ్ నుంచీ అడుగుతారు. ఫొటో చూసి బుట్ట నచ్చడం అర నిమిషం పని. ఆ తర్వాత బుట్ట సరిహద్దు దాటాలి, దాని తాలూకు డబ్బు దాటాలి, కొన్నవాళ్ల పేరూ చిరునామా ఫోన్ నంబరూ దాటాలి. ఆ మూడింటికీ వేరే వేరే గేట్లు, వేరే వేరే కాపలాదార్లు. బుట్ట సంగతి కస్టమ్స్ వాళ్లు చూస్తారు, అది పాతకాలం నుంచి ఉన్నదే. కొత్తగా బిగిసినవి మిగతా రెండు గేట్లు.

డబ్బు గేటు దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడదాం. ఆఫ్రికాలో ఫోన్ డబ్బు అంటే మన యూపీఐ లాంటిదే అనుకుంటారు, ఇంటికి ఫోన్ చేసినప్పుడు మా నాన్న కూడా అలాగే అంటాడు. కాదు. యూపీఐ బ్యాంకు ఖాతాల మధ్య వంతెన, మనిషికీ మనిషికీ మధ్య పంపితే రుసుం లేదు. 2007 మార్చిలో కెన్యాలో మొదలైన ఎం-పెసా బ్యాంకు అక్కర్లేని ఖాతా. సిమ్ కార్డే పాసుపుస్తకం, వీధి మొగలో పచ్చరంగు వేసిన ఏజెంటు కొట్టే బ్యాంకు బ్రాంచి. స్మార్ట్‌ఫోన్ లేకపోయినా నడుస్తుంది. అయితే పంపిన ప్రతిసారీ రుసుం ఉంటుంది. నేను మామాకి 1,000 షిల్లింగులు పంపితే నా దగ్గర 13 షిల్లింగులు కోస్తారు. ఆ రుసుం మీద ప్రభుత్వం ఎక్సైజ్ సుంకం తీసుకుంటుంది. 2023లో దాన్ని 12 శాతం నుంచి 15కి పెంచారు. అంటే ప్రభుత్వానికి పోయేది ఆ 13లో రెండు షిల్లింగులకు కాస్త తక్కువ. జనం సణిగారు గానీ మానలేదు.

ఘనా వాళ్లు కోసింది రుసుం మీద కాదు, పంపే మొత్తం మీద. తేడా అంతా అక్కడే ఉంది. కెన్యాది ఫోన్ కంపెనీకొచ్చే కమీషన్లో వాటా అడగడం. ఘనాది సంత గేటు దగ్గర నిలబడి నెత్తిమీద తట్ట దించకముందే వసూలు చేసే ఆశీలు. అమ్ముడుపోతుందో లేదో, లాభమో నష్టమో దానికి పట్టదు. ఆ గొడవ తర్వాత రేటు 1.75 నుంచి 1.5 శాతానికి దించి, 2022 మార్చిలో చట్టం చేసి, మే 1 నుంచి అమల్లో పెట్టారు. రోజుకు 100 సెడీల దాకా మినహాయింపు. ఒక తల్లి 1,000 సెడీలు కొడుక్కి పంపితే మిగిలిన 900 మీద 13.50 సెడీల పన్ను, ఫోన్ కంపెనీ రుసుం దానికి అదనం. ప్రభుత్వంలో నమోదైన వ్యాపారికి కట్టే డబ్బుకు పన్ను లేదని చట్టంలో రాశారు. బాగానే ఉంది. కానీ మా కస్టమర్లలో చాలామంది ఆ నమోదు కానివాళ్లే. వాళ్లకు కొన్నవాళ్లు పంపే డబ్బు, తల్లి కొడుక్కి పంపే డబ్బు, రెండూ ఒకే బాపతు కింద లెక్క.

ఏమైందంటే, జనం నోట్లు తీశారు. అంతకుముందు ఫోన్ చూపించమన్న దుకాణదారే ఇప్పుడు నగదు ఉందా అని అడిగే పరిస్థితి. ఏడాదికి 696 కోట్ల సెడీలు వస్తాయని లెక్కేసుకున్న ఘనా ఆర్థిక శాఖ, పన్ను మొదలైన మూడు నెలలకే ఆ అంచనాను దాదాపు 61 కోట్లకు కుదించుకుంది. 2023 జనవరిలో రేటు 1 శాతానికి దించారు. 2024 ఎన్నికల్లో పన్ను వేసిన పార్టీ అభ్యర్థి కూడా గెలిస్తే ఎత్తేస్తానన్నాడంటే చూడండి. గెలిచింది అవతలి పక్షం, జాన్ మహామా. 2025 ఏప్రిల్లో ఆ పన్ను పోయింది.

ఈ తమాషా ఘనాదొక్కటే కాదు. 2018 జులై 1న ఉగాండా రెండు పన్నులు ఒకేసారి తెచ్చింది. ఫేస్‌బుక్, వాట్సాప్, ట్విటర్ వాడాలంటే రోజుకు 200 ఉగాండా షిల్లింగులు, మొబైల్ మనీలో వేసినా తీసినా పంపినా 1 శాతం. సోషల్ మీడియాలో జరిగేది ఉత్త పోచికోలు కబుర్లని, దాని పర్యవసానాలకు డబ్బు కావాలని అధ్యక్షుడు ముసెవెని అంతకుముందే ఆర్థిక శాఖకు ఉత్తరం రాశారు. కానీ కంపాలాలో చికెన్ అమ్మేవాడికీ చీరముక్కలు అమ్మేవాడికీ వాట్సాప్ కబుర్ల డబ్బా కాదు, దుకాణం బోర్డు. జనం వీపీఎన్‌లు నేర్చుకున్నారు. సంగీతం నుంచి రాజకీయాల్లోకొచ్చిన బాబీ వైన్ వీధుల్లోకొచ్చాడు. మొబైల్ మనీ పన్నును కొన్ని నెలల్లోనే సగానికి దించి, డబ్బు బయటికి తీసినప్పుడు మాత్రమే అన్నారు. రోజువారీ 200 షిల్లింగుల పన్ను మాత్రం 2021 దాకా సాగింది. తర్వాత దాని స్థానంలో ఇంటర్నెట్ డేటా మీదే 12 శాతం వేశారు. ఇక వీపీఎన్ పెట్టుకున్నా తప్పించుకునే దారి లేదు. టాంజానియా కూడా 2021 జులైలో మొబైల్ మనీ మీద పన్నుతో ఇదే దారి తొక్కి, రెండు నెల్లకే దాన్ని 30 శాతం తగ్గించుకుంది.

ఇంతమంది ఆర్థిక మంత్రులు తెలివితక్కువవాళ్లు కారు. వాళ్ల ఇబ్బంది వాళ్లకుంది. ఈ దేశాల్లో ఎక్కువమంది బతుకు చిన్న వ్యాపారం, వ్యవసాయం, కూలి. జీతం చీటీ ఉండదు, పన్ను రిటర్నుండదు. దేశంలో డబ్బు ఎటు నుంచి ఎటు పోతోందో పైసాతో సహా రాసి ఉన్న పుస్తకం ఒక్కటే, ఫోన్ కంపెనీ సర్వరు. అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చున్నప్పుడు మంత్రి కళ్లు దానిమీద పడకుండా ఎలా ఉంటాయి? పైగా రెండోవైపు కడుపుమంట ఒకటుంది. కాలిఫోర్నియా కంపెనీలు ఇక్కడి వ్యాపారులకు ప్రకటనలు అమ్మి, సినిమాలు చూపించి, ఇక్కడ ఆఫీసు లేదు కాబట్టి ఆదాయపు పన్ను కట్టబోమని కూర్చుంటే ఎవరికి మండదు? కెన్యా 2021 జనవరి నుంచి అలాంటి కంపెనీల రాబడి మీద 1.5 శాతం డిజిటల్ సేవల పన్ను వేసింది. 2024 డిసెంబరులో దాన్ని తీసేసి, రాబడిలో పదో వంతును లాభంగా భావించి దానిమీద 30 శాతం అంది. వెరసి మొత్తం రాబడి మీద 3 శాతం. నైజీరియా కూడా ఇలాగే ఒక లెక్క కట్టి 6 శాతం అంది.

అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం ఏటా ఒక లావుపాటి నివేదిక అచ్చేస్తుంది, ఏ దేశం తమ కంపెనీలకు ఎక్కడ అడ్డం పడుతోందో. అందులో ఇవన్నీ వాణిజ్య అడ్డంకులే. ఆ పుస్తకంలో మనమూ ఉంటాం. 2016లో ఆన్‌లైన్ ప్రకటనల మీద 6 శాతం సమీకరణ సుంకం, 2020లో ఈ-కామర్స్ మీద 2 శాతం వేసిన దేశం మనది. రెండోదాన్ని 2024 ఆగస్టులో, మొదటిదాన్ని 2025 ఏప్రిల్లో ఎత్తేశాం. కాబట్టి విదేశీ కంపెనీల మీద పన్ను వేస్తే ఆఫ్రికాను ఆడిపోసుకునే హక్కు మనకైతే లేదు. నన్నడిగితే ఆ పన్ను న్యాయమైనదే. నా పేచీ ఇంకోటి. పన్ను కంపెనీ మీద వేస్తారు, బిల్లు ఎవరికొస్తుంది? కెన్యాలో 2021 నుంచి విదేశీ డిజిటల్ సేవల మీద వ్యాట్ వసూలవుతోంది, 16 శాతం. మామా కూతురు బుట్టల ప్రకటనకు కట్టే బిల్లులో అది చక్కగా విడిగా కనిపిస్తుంది. పెద్ద షాపు ఆ వ్యాట్‌ను తన లెక్కల్లో సర్దుకుంటుంది. వ్యాట్ నంబరు లేని మామా ఎక్కడ సర్దుకోవాలి?

ఇక సమాచారం గేటు. 2017 మేలో రువాండా టెలికాం నియంత్రణ సంస్థ ఎంటీఎన్ కంపెనీకి 703 కోట్ల రువాండా ఫ్రాంకుల జరిమానా వేసింది, డాలర్లలో సుమారు 85 లక్షలు. నేరం ఏమిటంటే, రువాండా కస్టమర్లకు సంబంధించిన ఐటీ సేవల్ని పక్కనే ఉన్న ఉగాండాలోని తమ కేంద్రం నుంచి నడపడం. దక్షిణాఫ్రికాలో పుట్టి అనేక దేశాల్లో ఉన్న కంపెనీకి అన్నిచోట్లా సర్వర్లు పెట్టే బదులు ఒకచోట పెట్టుకోవడం చవక. లైసెన్సు ప్రకారం అది కుదరదు అని రువాండా తెగేసి చెప్పింది. తర్వాత 2021 అక్టోబరులో చేసిన వ్యక్తిగత సమాచార చట్టంలోనూ అదే పట్టు: ప్రజల సమాచారం దేశంలోనే దాచాలి, బయట దాచాలంటే సైబర్ భద్రతా సంస్థ దగ్గర ధ్రువపత్రం తెచ్చుకోవాలి.

ఇదంతా చాదస్తమని మా రంగంలో చాలామంది విసుక్కుంటారు. నేను విసుక్కోను. 1994లో గుర్తింపు కార్డు మీద రాసి ఉన్న జాతి పేరు చూసి మనుషుల్ని నరికిన నేల అది. ఎవరు ఎవరో రాసిన జాబితా ఎవరి చేతిలో ఉందన్నది ఆ దేశంలో సాంకేతిక ప్రశ్న కాదు. పోనీ ఉగాండా పక్కిల్లే కదా అందామంటే, జరిమానా వేసిన రెండేళ్లకే, 2019 ఫిబ్రవరిలో, ఆ రెండు దేశాల మధ్య గటూనా సరిహద్దు మూతపడింది. మళ్లీ తెరుచుకున్నది 2022 జనవరి ఆఖర్లో. దేశంలోని ఫోన్ల లెక్కంతా ఆ గేటుకు అవతల ఉండి ఉంటే రువాండా పాలకులకు నిద్రపట్టేదా?

మన దగ్గర రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్లో ఇదే మాట అంది, చెల్లింపుల సమాచారం భారత్‌లోనే ఉండాలని. పాటించలేదని మాస్టర్‌కార్డుకు 2021లో కొత్త కస్టమర్లను చేర్చుకోకుండా ఏడాదిపాటు తలుపులు మూసేసింది. మనకు చెల్లింది. మన మార్కెట్టు వదులుకోలేక పెద్ద కంపెనీలు ముంబైలో, హైదరాబాదులో డేటా సెంటర్లు కట్టాయి. కోటిన్నర జనాభా కూడా లేని రువాండా కోసం ఎవరు కడతారు? సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా మొత్తంలో అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ క్లౌడ్ కేంద్రాలు తెరిచింది దక్షిణాఫ్రికాలోనే. మిగతాచోట్ల సమాచారం దేశంలోనే ఉంచాలంటే స్థానిక డేటా సెంటర్లో అద్దెకు చోటు తీసుకోవాలి, కరెంటు పోతే జనరేటరు ఎంతసేపు లాగుతుందో అడిగి తెలుసుకోవాలి, కాపీకి ఇంకో కాపీ పెట్టుకోవాలి. పేరెందుకు గానీ మేం పనిచేసే ఒక దేశంలో ఒక అధికారి మా సర్వరు ఉన్న గదిని కళ్లారా చూస్తే గానీ సంతకం పెట్టనన్నాడు. చూపించాం. తలుపు మీద మా కంపెనీ బోర్డేదీ అన్నాడు. బోర్డు రాయించి బిగించి, ఫొటో తీసి పంపాక కాగితం కదిలింది. ఎంటీఎన్‌కి 703 కోట్లు ఒక చెడ్డ ఏడాది. మాలాంటివాళ్లకి ఆ బోర్డుకోసం ఎదురుచూసిన రోజులే ప్రాణం మీదికి వస్తాయి. పెద్ద కంపెనీలను కట్టడి చెయ్యడానికి రాసిన నిబంధన, లాయర్లను పెట్టుకోలేని చిన్న స్థానిక కంపెనీనే ముందు ముంచుతుంది.

దేశంలోనే ఉంచాలనేవాళ్ల వాదనలో ఒక గట్టి పాయింటు మాత్రం సముద్రం తేల్చింది. 2024 మార్చి 14న ఐవరీ కోస్టులోని అబిజాన్ తీరానికి దగ్గర్లో సముద్రం అడుగున నాలుగు ఇంటర్నెట్ కేబుళ్లు ఒకేరోజు దెబ్బతిన్నాయి. పశ్చిమ ఆఫ్రికాలో బ్యాంకులు సహా సగం వ్యవహారాలు చతికిలబడ్డాయి. మే 12న ఇటువైపు తూర్పు తీరం కేబుళ్లు తెగి మా వంతు వచ్చింది. కేప్‌టౌన్లో పెట్టుకున్న మా ప్రోగ్రాం అందలేదు, నైరోబీ సర్వర్లో పెట్టిన భాగం నడిచింది. ఆ రోజు సర్వరు గది చూపించమన్న పెద్దమనిషి గుర్తొచ్చాడు, కృతజ్ఞతతో అని అనను.

మళ్లీ డబ్బు గేటు దగ్గరికే వద్దాం. మామా బుట్టకి అక్రా నుంచి ఆర్డరు వచ్చిందనుకోండి. బుట్ట ఖరీదు ఘనా సెడీలలో కట్టాలి, నైరోబీలో కెన్యా షిల్లింగుల్లో చేరాలి. ఈ రెండు కరెన్సీలకూ నేరుగా మారకం లేదు. అక్రా బ్యాంకు సెడీలను డాలర్లు చేస్తుంది, ఆ డాలర్లు ఏ న్యూయార్క్ బ్యాంకులోనో ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి మారతాయి, అక్కణ్ణుంచి నైరోబీ బ్యాంకుకొచ్చి షిల్లింగులవుతాయి. రెండుసార్లు మారకం, దారిలో ఒక్కో బ్యాంకు చెయ్యి. లారీల కొద్దీ సరుకు కొనే కంపెనీకి ఆ ఖర్చు కనపడదు. ఒక్క బుట్టకైతే దారిఖర్చే బుట్ట ధరతో పోటీపడుతుంది. ఆఫ్రికాలో 40కి పైగా కరెన్సీలున్నాయి, వాటి మధ్య కథంతా ఇదే.

ఈ మెలిక విప్పడానికే ఆఫ్రికన్ ఎగుమతి దిగుమతుల బ్యాంకు ముందుండి పాప్స్ అనే చెల్లింపుల వ్యవస్థను 2022 జనవరి 13న అక్రాలో మొదలెట్టింది. కట్టేవాడు తన కరెన్సీలో కడితే పుచ్చుకునేవాడికి తన కరెన్సీలోనే చేరుతుంది, మధ్యలో తేడాలను కేంద్ర బ్యాంకులు తమలో తాము సర్దుకుంటాయి. ముందు ఘనా, నైజీరియా, గాంబియా, లైబీరియా, సియెర్రా లియోన్, గినియాలలో పరీక్షించారు. తర్వాత మా కెన్యా కేంద్ర బ్యాంకు కూడా చేరింది. దానివల్ల ఏటా 500 కోట్ల డాలర్ల ఖర్చు మిగులుతుందని ఎగుమతి దిగుమతుల బ్యాంకు వాళ్ల లెక్క. కాగితం మీద ఇంతకంటే మంచి ఆలోచన ఉండదు. కానీ కేంద్ర బ్యాంకు చేరితే సరిపోదు, మామా ఖాతా ఉన్న బ్యాంకు చేరాలి, ఆ బ్యాంకు తన యాప్‌లో ఆ మీట పెట్టాలి, దాన్ని ఎం-పెసాకు తగిలించాలి. ఈలోగా మామా కనిపెట్టిన పద్ధతి ఒకటుంది. అక్రా కస్టమరుకి నైరోబీలో చదువుకునే మేనల్లుడున్నాడు. అతను ఎం-పెసాలో మామాకి కడతాడు, ఆ కస్టమరు అక్రాలో అతని తల్లికి సెడీల్లో ఇస్తుంది. ఏ చట్టం కిందా పడని ఆ ఏర్పాటును నేను మా సాఫ్ట్‌వేర్లో పెట్టలేను, పెట్టగలిగితే ఎంత బావుండు అనిపిస్తుంది.

డాలర్లు లేని దేశంలో ఈ గేటు పూర్తిగా మూసుకుపోతుంది. 2022లో నైజీరియా బ్యాంకులు నైరా కార్డుతో విదేశీ ఖర్చును నెలకు 20 డాలర్లకు కట్టేశాయి. కొన్నాళ్లకు చాలా బ్యాంకులు అదీ ఆపేశాయి. లాగోస్‌లో ఇన్‌స్టాగ్రామ్ మీద బట్టలమ్ముకునే అమ్మాయి ప్రకటనకు డాలర్లలో కట్టాలి, వెబ్‌సైట్ అద్దె డాలర్లలో కట్టాలి. సరుకు ఉన్నా, కొనేవాళ్లున్నా, అప్పట్లో కట్టే కార్డు లేకపోయింది. అదే నైజీరియా అంతకుముందు ఏడాది జూన్ 4న ట్విటర్‌ను నిలిపేస్తున్నట్లు ప్రకటించింది. అధ్యక్షుడు బుహారీ ట్వీటు ఒకదాన్ని ఆ కంపెనీ తీసేసిన రెండ్రోజులకే ఆ నిర్ణయం. 2022 జనవరి 13న ఎత్తేసేటప్పుడు ప్రభుత్వం చెప్పిన షరతుల్లో దేశంలో కంపెనీ నమోదు, పన్నులు ఉన్నాయి. పన్ను అడగడం సబబే, అడిగిన పద్ధతే దారుణం. అలిగింది అధ్యక్షుడు, ఏడు నెలలు గిరాకీ పోగొట్టుకున్నది చెప్పులమ్మేవాడు, కేకులు చేసేవాడు.

అడ్డంకులన్నీ చెడ్డవేనా అంటే, దక్షిణాఫ్రికా చూడండి. అక్కడ బట్టలు దిగుమతి చేసే షాపు 45 శాతం కస్టమ్స్ సుంకం, ఆపైన 15 శాతం వ్యాట్ కట్టాలి. షీన్, టెమూ యాప్‌లలో కొన్న గౌను ఖరీదు 500 రాండ్లలోపు ఉంటే 2024 దాకా 20 శాతం ఒక్కటే ఉండేది, వ్యాట్ ఉండేది కాదు. చైనా నుంచి విమానంలో నేరుగా గుమ్మంలోకి వస్తుంది. డర్బన్ బట్టల ఫ్యాక్టరీల్లో భారత సంతతివాళ్లు తరాలుగా మిషన్లు తొక్కారు, 1860 తర్వాత మన ఆంధ్ర తీరం నుంచి చెరకు తోటల్లోకి ఓడలెక్కినవాళ్ల వారసులూ అందులో భాగమే. ఆ ఫ్యాక్టరీలు ఏనాటి నుంచో గోల పెడుతుంటే 2024 సెప్టెంబరు 1 నుంచి ఆ చిన్న పొట్లాల మీదా వ్యాట్ వేశారు. యాప్ వాడే కాలేజీ పిల్లలు తిట్టారు. నాకు మాత్రం ఇది అడ్డంకిలా కనపడదు. ఒకే గౌనుకు ఒకే తూకం అంతే.

కెన్యాలో తూకం ఎక్కడ తప్పుతుందో 2024 జూన్లో మా కళ్లతో చూశాం. ఆ ఏటి ఫైనాన్స్ బిల్లులో మొబైల్ మనీ రుసుం మీద ఎక్సైజ్‌ను 15 నుంచి 20 శాతానికి పెంచాలని రాశారు. రొట్టె మీద వ్యాట్ కూడా. ఇరవై ఏళ్ల పిల్లలు టిక్‌టాక్‌లో బిల్లును వాక్యం వాక్యం విప్పి జనభాషలో చెప్పారు, మా ఆఫీసులో ఎవరూ అంత బాగా చెప్పలేరు. ప్రభుత్వం ఆ రెండు పెంపులూ వెనక్కి తీసుకుంది గానీ అప్పటికే చెయ్యి దాటిపోయింది. జూన్ 25న నిరసనకారులు పార్లమెంటు గేట్లు దాటారు, కాల్పుల్లో మనుషులు పోయారు. ఆ సాయంత్రం ఇంటర్నెట్ నత్తనడక పట్టింది. ఫోన్ కంపెనీలు సముద్రం కేబుల్ లోపం అన్నాయి, వీధిలో ఎవరూ నమ్మలేదు. మర్నాడు అధ్యక్షుడు రూటో బిల్లు మీద సంతకం పెట్టనన్నాడు.

ఇన్ని దేశాలు ఇన్ని రకాలుగా గేట్లు బిగిస్తుంటే వాటికి ఉమ్మడి తాళం చెయ్యాలన్న ప్రయత్నమూ సాగుతోంది. ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2018 మార్చిలో రువాండా రాజధాని కిగాలీలో కుదిరింది. ఎరిట్రియా తప్ప 54 దేశాలు సంతకం పెట్టాయి, సచివాలయం అక్రాలో ఉంది. ఆ ఒప్పందానికి అనుబంధంగా డిజిటల్ వాణిజ్య ప్రోటోకాల్‌ను 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికన్ యూనియన్ ఆమోదించింది. సమాచారం సరిహద్దు దాటనివ్వాలి, సర్వరు ఇక్కడే పెట్టమని పట్టుబట్టకూడదు, అయితే ప్రజాహితం కోసం మినహాయింపులుండొచ్చు అని దాని సారం. మినహాయింపు ఎంత పెద్దదన్నదే అసలు బేరం. రువాండా తన చట్టాన్ని అందులో ఇమిడ్చేసుకోగలదు, నైజీరియా కూడా. చెల్లింపులకు, డిజిటల్ గుర్తింపుకు, సమాచార బదిలీకి విడివిడిగా అనుబంధాలు మరుసటి ఏడాది ఖరారు చేశారు. ఇక ఒక్కో దేశం తన పార్లమెంటులో ధ్రువీకరించుకోవాలి. వ్యక్తిగత సమాచారం మీద ఇదే యూనియన్ 2014లో మలాబోలో చేసుకున్న ఒడంబడిక 15 దేశాల ధ్రువీకరణ కూడగట్టుకుని అమల్లోకి రావడానికి 2023 పట్టిందని గుర్తుంచుకోవాలి.

ఎలక్ట్రానిక్ పద్ధతిలో వచ్చే పాటకో ప్రోగ్రాంకో సభ్యదేశాలు ఒకదానిమీద ఒకటి కస్టమ్స్ సుంకం వేసుకోకూడదని కూడా ప్రోటోకాల్ అంటుంది. ప్రపంచ వాణిజ్య సంస్థలో 1998లో మొదలైన అలాంటి మారటోరియాన్ని దక్షిణాఫ్రికా, భారత్ కలిసి ఏళ్లుగా ఎదిరిస్తూ వచ్చాయి. ఇంట్లో వద్దన్న సుంకాన్ని బయటివాళ్ల మీద వేసే హక్కు వదులుకోవడం దేనికన్నది దక్షిణాఫ్రికా లెక్క. అందులో తప్పు నాకేం కనపడదు.

అయితే ఘనా ఎంపీలు కొట్టుకున్న విషయం, ఉగాండా రెండొందల షిల్లింగులు, కెన్యా 15 శాతం, ఇవేవీ కస్టమ్స్ సుంకాలు కావు. దేశం లోపలి పన్నులు. ప్రోటోకాల్ వాటి జోలికి పోదు, ఏ పార్లమెంటూ ఆ అధికారాన్ని అక్రా సచివాలయానికి రాసివ్వదు కూడా. తూర్పు ఆఫ్రికా కూటమిలో మేం పనిచేసే దేశాలు సాధారణంగా తమ బడ్జెట్లను జూన్‌లో ఒకే గురువారం చదువుతాయి. ఆ మధ్యాహ్నం మా ఆఫీసులో నైరోబీ ప్రసంగం ఒకరు వింటారు, కంపాలాది ఒకరు, టాంజానియా రాజధాని దోదోమాది ఇంకొకరు. కిగాలీ ప్రసంగం వినే అమ్మాయి మిగతావాళ్లను మాట్లాడొద్దని కసురుతుంది. జులై 1 నుంచి అన్నీ అమల్లోకి వస్తాయి కాబట్టి శాతాలు సరిచేసి, పరీక్షించి, దుకాణాలకు మెసేజీలు పంపడానికి మాకు మిగిలేది రెండు వారాలు.